ఇంటి కంప్యూటరు: మెమరీ పొదుపు చరిత్ర

కొన్న క్రొత్తలో చురుకుగా పనిచేసిన కంప్యూటరు మూడు నాలుగేండ్లు గడచుసరికి మందగించినదను ఫిర్యాదు నేడు చాల యిండ్లలో వినవచ్చుచున్నది. మీట నొక్కి, కాఫీ కాచుకొని వచ్చినను తెర సిద్ధముగా నుండదు. పిల్లవాని పాఠము తెరచినచో పెద్దల ఉత్తరము మధ్యలో నిలిచిపోవును. యంత్రము ముసలిదైనదని కొందరును, చెడిపోయినదని కొందరును తలంతురు. క్రొత్తది కొనుటయే మార్గమని అంగడివారు సలహా చెప్పుదురు. కాని ఎద్దు వయసు మీరినట్లు కంప్యూటరు వయసు మీరదు. దుమ్ము పట్టి వేడెక్కినప్పుడు తప్ప, దానిలోని ప్రాసెసరు కొన్ననాడు సెకనుకు ఎన్ని లెక్కలు చేసెనో నేడును దాదాపు అన్నియే చేయుచున్నది. సాధారణముగా మారినది యంత్రము కాదు, దానిపై మోపబడిన బరువు.

ఆ బరువు చరిత్రను ఈ ప్రసంగమున మేము సంగ్రహముగా చెప్పదలచితిమి. మెమరీ చాలకపోవుట నిన్న మొన్నటి బాధ కాదు. కంప్యూటరు పుట్టిననాటి నుండియు అది యున్నది. దానికి విరుగుళ్లను నేర్పరులు ఏనాడో కనిపెట్టిరి. వానిలో నిజమైనవి ఏవో, బూటకములు ఏవో తెలిసికొనినచో ఇంటివారికి డబ్బును మిగులును, కాలమును మిగులును.

ముందుగా రెండు మాటల అర్థము విప్పి చెప్పవలసి యున్నది. కంప్యూటరులో సరకు నుంచు చోట్లు రెండు. ఒకటి డిస్కు. అది అటక వంటిది. చాల పట్టును, విద్యుత్తు పోయినను సరకు చెడదు, కాని ఎక్కి దింపుకొనుటకు ఆలస్యమగును. రెండవది మెమరీ. అది వంటయింటిలో చేతికందు గట్టు వంటిది. చిన్నది, కాని చేయి చాచినంతనే వస్తువు అందును. వంట జరుగునంతసేపు కావలసిన దినుసులు గట్టు మీదనే యుండవలెను. ఇక నేపథ్యకార్యములనగా, మనము పిలువకయే, తెరమీద కనబడకయే, ఆ గట్టు మీద కొంత చోటు తీసికొని పనిచేయుచుండు ప్రోగ్రాములు. వానిలో కాపలావారు కలరు, పరిచారకులు కలరు, పెండ్లికి వచ్చి, పందిరి విప్పినను కదలని చుట్టములును కలరు.

కంప్యూటరు ఇండ్లలోనికి రాకముందే, పెద్ద పెద్ద సంస్థల యంత్రశాలలలో ఈ విషయమై మూడు గొప్ప పాఠములు నేర్వబడినవి.

మొదటి పాఠము ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునది. అచ్చటి విశ్వవిద్యాలయమున టామ్ కిల్‌బర్న్ నాయకత్వములో నిర్మితమైన ‘అట్లాసు’ కంప్యూటరు 1962 డిసెంబరులో ప్రారంభింపబడెను. దాని వేగవంతమైన మెమరీలో 16,384 సంఖ్యలు మాత్రమే పట్టును. గిరగిర తిరుగు అయస్కాంతపు డ్రమ్ములలో 98,304 సంఖ్యలు పట్టును. ఈ రెండును కలిసి ఒకే పెద్ద మెమరీయని ప్రోగ్రాములకు తోచునట్లు నిర్మాతలు ఏర్పాటు చేసిరి. సరకునంతను 512 సంఖ్యల పుటలుగా విభజించిరి. కావలసిన పుట గట్టు మీద లేనిచో యంత్రమే దానిని డ్రమ్మునుండి దింపుకొనును. ఇప్పట్లో అక్కరపడదని తోచిన పుటను పైకి పంపును. వర్చువల్ మెమరీ యని నేడు వ్యవహరింపబడునది ఇదియే. ఇరుకింటిని విశాలముగా చూపు మంచి ఉపాయమిది.

కాని ఉపాయమునకును హద్దు కలదని రెండవ పాఠము తెలిపినది. అమెరికాకు చెందిన పీటర్ డెనింగ్ అను పండితుడు 1968లో ప్రకటించిన వ్యాసములలో ఈ విషయమును శాస్త్రీయముగా నిరూపించెను. ఏ ప్రోగ్రామునకైనను ఒకానొక వేళ నిజముగా అక్కరపడునది దాని మొత్తము సరకు కాదు. అందులో కొన్ని పుటలు మాత్రమే. పులుసు కాచువేళ చింతపండు, ఉప్పు, కారము దగ్గరనుండిన చాలును. అప్పడాల పిండితో పనిలేదు. నడచుచున్న ప్రోగ్రాములన్నింటి తక్షణావసరములును కలిపి గట్టు మీద పట్టునంతకాలము పని సుఖముగా సాగును. ఆ మొత్తము గట్టును మించినచో యంత్రము మెల్లమెల్లగా మందగింపదు, ఒక్కసారిగా కుప్పకూలును. ఒక వస్తువును దింపుటకు వేరొకదానిని పైకి ఎక్కింపవలెను. ఎక్కించినదే మరుక్షణము కావలసి వచ్చును. నిచ్చెన ఎక్కుట, దిగుటతోనే ప్రొద్దు గడచును గాని పొయ్యి మీద కుండ ఉడకదు. ఈ దురవస్థకు ‘థ్రాషింగ్’ అని పేరు. ఇంటి కంప్యూటరు బొత్తిగా బిగుసుకొనిపోయి, డిస్కు దీపము మాత్రము ఎడతెగక మినుకుమినుకు మనుచుండుట చూచినవారు థ్రాషింగును కన్నులార చూచినవారే.

మూడవ పాఠము భూమి మీద జరిగినది కాదు. 1969 జులై 20వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లు చంద్రుని మీదికి దిగుచుండగా వారి నౌకలోని కంప్యూటరు 1202 అను అపాయసూచనను చూపెను. తిరిగి వ్రాయదగిన మెమరీ ఆ యంత్రమున 2,048 సంఖ్యలకు మాత్రమే చోటు కలది. ఆ సమయమున అక్కరలేని ఒక రాడారు పంపుచున్న సంకేతములను లెక్కించుటకు యంత్రపు కాలములో కొంత భాగము వ్యర్థమగుచుండెను. తత్ఫలితముగా ఒక పని ముగియకమునుపే మరియొకటి వచ్చి చేరెను; పనులను నిలుపు చోటు నిండిపోయెను. అపాయసూచన అర్థమదియే. ఐనను నౌక కూలలేదు. ఆ ప్రోగ్రాములను వ్రాసిన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు ప్రతి పనికిని ఒక ప్రాధాన్యమును ముందే నిర్ణయించి యుంచిరి. చోటు నిండగానే యంత్రము తనంతట తాను తిరిగి ప్రారంభమై, తక్కువ ముఖ్యమైన పనులను వదలి, నౌకను నడపు పనిని మాత్రము విడువక పట్టుకొనెను. సూచన పలుమారులు వచ్చినను నౌక క్షేమముగా దిగెను. చోటు విశాలముగా నుండుట వలన గాక, ఏ పనిని వదలవచ్చునో ముందుగా తేల్చుకొనుట వలన ఆ ఇరువురి ప్రాణములు నిలిచినవి.

ఈ మూడు పాఠములును ఇండ్లకు చేరుటకు చాలకాలము పట్టెను. ఏలయనగా ఇంటి కంప్యూటరు మరల మొదటినుండి, మిక్కిలి బీదతనముతో, జీవితము నారంభించినది. 1975లో అమెరికాలో విక్రయమునకు వచ్చిన ఆల్టెయిర్ 8800 యంత్రమున మొదట నున్న మెమరీ 256 బైట్లు. 1981లో ఇంగ్లండున సుమారు 70 పౌండ్లకు అమ్మిన సింక్లేర్ జెడ్.ఎక్స్.81లో ఒక్క కిలోబైటు, అనగా 1,024 బైట్లు. ఈ కొలత తెలుగువారికి అర్థమగుటకు ఒక ఉదాహరణము చెప్పెదము. నేడు విరివిగా వాడబడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును దాచుటకు 18 బైట్లు కావలెను. సకారము, తకారము, రేఫము, వాని నడుమ రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘము, ఇట్లు ఆరు గుర్తులు. గుర్తునకు మూడేసి బైట్లు. ఆ లెక్కన జెడ్.ఎక్స్.81 మెమరీ అంతయు నింపినను 56 ‘స్త్రీ’లకు మించి పట్టవు.

అంతటి చిన్న గట్టు మీద ఆ యంత్రము చేసిన సంసారము మెచ్చదగినది. అందు 125 బైట్లు యంత్రపు సొంత లెక్కలకే పోవును. తెరమీద బొమ్మ నిలుపుటకును మెమరీయే కావలెను. నిండు తెరకు 793 బైట్లు పట్టును. కావున మెమరీ తక్కువగా నున్నప్పుడు, అక్షరములు వ్రాసినంత మేరకే తెరకు చోటు కేటాయించునట్లు నిర్మాతలు అమర్చిరి. ఇక బొమ్మ గీయు పనియు ప్రాసెసరుదే. అది ఆ యంత్రపు నేపథ్యకార్యము. దానికే కాలములో నాలుగింట మూడు వంతులు ఖర్చగుచుండెను. అందువలన ‘ఫాస్ట్’ అను ఆజ్ఞ యొకటి ఉంచిరి. ఆ ఆజ్ఞ ఇచ్చినచో లెక్క ముగియువరకు తెర ఆరిపోవును. పని నాలుగు రెట్లు త్వరగా జరుగును. ‘స్లో’ అనినచో తెర వెలుగుచునే యుండును, పని నిదానించును. ఏది కావలెనో ఇంటివాడే నిర్ణయించుకొనెడివాడు. డేవిడ్ హార్న్ అను ఆయన ఆ ఒక్క కిలోబైటు యంత్రములోనే 672 బైట్లలో చదరంగమాడు ప్రోగ్రామును వ్రాసి 1982-83లో ప్రకటించెను. కోటకట్టుట వంటి కొన్ని నియమములు అందు లేకపోయినను, యంత్రము ఎదుట కూర్చుండి ఆడినమాట నిజము.

ఆ యేడే, 1981 ఆగస్టులో, ఐ.బి.ఎమ్. సంస్థవారి పర్సనల్ కంప్యూటరు వెలువడెను. దాని ప్రాసెసరు పది లక్షల పైచిలుకు బైట్లను గుర్తింపగలది. అందు 640 కిలోబైట్లు ప్రోగ్రాములకు వదలి, తక్కినది యంత్రాంగపు అవసరములకు ప్రత్యేకించిరి. మొదట 16 కిలోబైట్లతో అమ్మబడిన యంత్రమునకు 640 సముద్రమువలె తోచి యుండును. పదియేండ్లు తిరుగకమునుపే ఆ సముద్రము బావిగా మారెను.

చుట్టములు రాసాగినది ఆ యేండ్లలోనే. డాస్ అను నిర్వహణ వ్యవస్థ ఒకసారికి ఒక ప్రోగ్రామును మాత్రమే నడుపును. కాని ప్రోగ్రాము ముగిసిన తరువాతను మెమరీని వదలక, మీట నొక్కినప్పుడు మరల లేచి వచ్చు వెసులుబాటు అందు కలదు. 1984లో బోర్లాండ్ సంస్థవారు విడుదల చేసిన ‘సైడ్‌కిక్’ ఈ వెసులుబాటు వలన ప్రసిద్ధికెక్కెను. ఉత్తరము వ్రాయుచు రెండు మీటలు కలిపి నొక్కినచో లెక్కల పట్టికయో, చిత్తుపుస్తకమో తెరమీదికి వచ్చును. ఎంత సౌకర్యము! ఇంకేమి, మౌసునకొకటి, ముద్రణకొకటి, పంచాంగమునకొకటి, ఇట్లు నివాసప్రోగ్రాములు పెరిగిపోయినవి. చివర వచ్చినదే మొదట పోవలెనను ఇబ్బంది ఒకటి యుండెను. నడుమనున్నదానిని లేపినచో ఇల్లే కూలిన పక్షమును కలదు.

దానితో ఇంటివారు సర్దుబాటులో ఆరితేరిరి. యంత్రము మేల్కొనగానే ఏమేమి నింపుకొనవలెనో చెప్పు రెండు చిన్న పత్రములు, ‘కాన్ఫిగ్’, ‘ఆటోఎగ్జెక్’ అనునవి, ఉండెడివి. ఒక ఆట ఆడవలెననిన అందలి పంక్తులు దిద్ది, పదిబైట్లకు పదిబైట్లు మిగుల్చుకొనెడివారు. 1991లో వచ్చిన డాస్ అయిదవ కూర్పు, నివాసప్రోగ్రాములను 640 హద్దునకు పైన నున్న ఖాళీలలోనికి తరలించు ఆజ్ఞలను ప్రసాదించెను. 1993 నాటి ఆరవ కూర్పు ఆ సర్దుబాటును తానే చేసిపెట్టు ‘మెమ్‌మేకర్’ను తెచ్చెను. ఆ కాలపువారు పడిన శ్రమ తక్కువది కాదు. కాని ఒక మేలు జరిగినది: తన యంత్రములో ఎవరెవరు కాపురమున్నారో ఇంటి యజమానికి పేరు పేరున తెలిసియుండెను.

1995 ఆగస్టు 24న విడుదలయైన విండోస్ 95తో ఆ యెరుక సన్నగిల్లెను. మాంచెస్టరు పాఠము విండోస్ వ్యవస్థతో ఇంటింటికిని చేరెను. డిస్కును మెమరీగా చూపు ఉపాయమును యంత్రమే చూచుకొనుచుండుటచే సర్దుబాటు బాధ తప్పెను. కాని డెనింగ్ చెప్పిన హద్దు మాత్రము తప్పలేదు. ఆ వ్యవస్థకు 4 మెగాబైట్ల మెమరీ చాలునని పెట్టె మీద వ్రాసిరి గాని, 4 మెగాబైట్లతో నడిపినవారు నిచ్చెన చప్పుడే యెక్కువగా వినిరి. మెమరీ చిప్పులు అప్పుడు చాల ప్రియము.

కరవులో కల్తీ పుట్టుట లోకసహజము. ఆ యేడే ‘సాఫ్ట్‌ర్యామ్ 95’ అను ప్రోగ్రాము అంగళ్లకు వచ్చెను. దీనిని కొనినచో సరకును కుదించి మెమరీని రెట్టింపు చేయునని ప్రకటించిరి. లక్షల కొలది ప్రతులు అమ్ముడుపోయినవి. నిపుణులు లోనికి తొంగి చూడగా కుదింపు జరుగుటయే లేదని తేలెను. తెరమీద అంకెలు మాత్రము పెరుగుచుండెను. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను 1996లో ఆ వ్యాపారులపై చర్య తీసికొనెను. కొలతను మార్చి వస్తువు పెరిగినదని నమ్మించిన ఈ వృత్తాంతమును మనము మరువరాదు. నేటికిని ఒక్క మీట నొక్కినంతనే మెమరీని శుభ్రపరతుమని చెప్పు సరకులు విక్రయింపబడుచున్నవి. వానిలో పెక్కు చేయు పని యొకటే: గట్టు మీది వస్తువులను బలవంతముగా అటకకు తోయుట. ఖాళీ యెక్కువైనట్లు అంకె చూపును. మరుక్షణము ఆ వస్తువులనే మరల దింపుకొనవలసి వచ్చును.

ఇంతకును నిండుట తప్పా? ఈ ప్రశ్న 2007లో బలముగా లేచినది. ఆ జనవరిలో గృహములకు వచ్చిన విండోస్ విస్టా, ఇంటివారు తరచుగా వాడు ప్రోగ్రాములను గుర్తుంచుకొని, ఖాళీగా నున్న మెమరీలో వానిని ముందే నింపి యుంచెడిది. యంత్రములో ఖాళీ బొత్తిగా లేదని చూచి జనులు కలవరపడిరి. నిజమునకు అట్లు నింపినది అడిగినవారికి తక్షణమే వదలదగిన సరకు. ఖాళీగా పడియున్న మెమరీ వలన ఎవరికిని లాభము లేదు. కాబట్టి నిండుట వేరు, ఇరుకగుట వేరు. ఆపిల్ సంస్థవారు 2013లో తమ యంత్రములలో మెమరీ యెంత నిండెనో చెప్పుటతో ఆగక, దానిపై ఒత్తిడి యెంత యున్నదో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులలో చూప నారంభించిరి. ఆ యేటనే వారు మెమరీలోని సరకును నిజముగా కుదించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2015లో విండోస్ 10లోను అది వచ్చెను. 1995లో అబద్ధముగా అమ్మినది ఇరువదియేండ్లలో నిజమై, వేరుగ వెల లేకుండ ఇండ్లకు చేరినది.

మరి ఇన్ని ఉపాయములుండగా నేడును ఇరుకేల? 1995లో 4 మెగాబైట్లు చాలుననిరి. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసము 4 గిగాబైట్లు కావలెననిరి. ఇరువదియారేండ్లలో సరిగా 1,024 రెట్లు. ఇందు కొంత న్యాయమైన పెరుగుదల కలదు. నేటి సాధారణపు తెరమీద అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక్క చిత్రమునకే సుమారు 83 లక్షల బైట్లు, అనగా 8,100 జెడ్.ఎక్స్.81ల మెమరీ. 2008లో వచ్చిన క్రోమ్ బ్రౌజరు, తెరచిన పుటలను వేరువేరు కార్యములుగా నడుపుట నారంభించెను. ఒకటి కూలినను తక్కినవి నిలుచునని, ఒకదాని రహస్యము వేరొకదానికి తెలియరాదని వారి యుద్దేశము. భద్రతకు చెల్లించిన వెల మెమరీ. ఇది సహేతుకమైన ఖర్చు.

సహేతుకము కానిదియు కలదు. ముద్రణయంత్రము కొనినచో దానితో ఒక నివాసప్రోగ్రాము. పాటల ప్రోగ్రాము పెట్టుకొనినచో క్రొత్త కూర్పు వచ్చెనేమోయని గంట గంటకు విచారించు వేరొకటి. ఒక్కసారి వాడిన సమావేశపు ప్రోగ్రాము యంత్రము మేల్కొనిన ప్రతిదినమును తానును మేల్కొనుట. వీనికి తలుపు తీసినది మనమే. కాని ఎప్పుడు తీసితిమో మనకు తెలియదు. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. డాస్ కాలపు ఇంటివానికి చోటు లేదు గాని యెరుక కలదు. నేటివానికి చోటు కలదు, యెరుక లేదు.

ఆ యెరుకను తిరిగి సంపాదించుట కష్టమైన పని కాదు. విండోస్ యంత్రమున కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో ‘టాస్క్ మేనేజరు’ వచ్చును. మెమరీ అను శీర్షికను తాకినచో ఎక్కువ చోటు తీసికొనినవారు వరుసగా పైకి వత్తురు. 2012 నాటి విండోస్ 8 మొదలుకొని అందులోనే ‘స్టార్టప్’ అను పట్టిక కలదు. యంత్రము మేల్కొనగానే లేచువారి జాబితా అది. అందు అక్కరలేనిదానిని ఆపివేయవచ్చును. ఆపినంత మాత్రమున ఆ ప్రోగ్రాము పోదు. మనము పిలిచినప్పుడే వచ్చును. ఒకనాడు ఒకటి మాత్రమే ఆపి, యంత్రమును తిరిగి ప్రారంభించి, ఏమి మారెనో చూడవలెను. క్రిమినిరోధక ప్రోగ్రామును, ధ్వనికి, తాకుడు పలకకు సంబంధించినవానిని కదపరాదు. పేరు తెలియని సేవలను ఊహతో ఆపరాదు. కాపలావానిని చుట్టమనుకొని వెడలగొట్టినచో నష్టము మనదే. బ్రౌజరులో వారముల తరబడి తెరచియుంచిన పుటలను మూయవలెను. ఎన్నడును వాడనిదానిని పూర్తిగా తొలగింపవలెను. ఇంత చేసినను రోజువారీ పనులకే డిస్కు దీపము ఎడతెగక మినుకుచున్నచో అప్పుడు మాత్రము గట్టు నిజముగా చిన్నది. యంత్రము అనుమతించినచో మెమరీ పలకను చేర్చుట, తిరుగుడు డిస్కునకు మారుగా ఘనస్థితి డిస్కును అమర్చుట, క్రొత్త కంప్యూటరు కొనుటకన్న సాధారణముగా చౌక.

చంద్రుని మీదికి దిగిన యంత్రమునకు 2,048 సంఖ్యల చోటు చాలెను. నేటి యింటిలో వందల కోట్ల బైట్లును చాలవు. ఆ భేదము చోటులో లేదు. ఆ యంత్రమును పంపినవారు, ఇరుకు వచ్చినప్పుడు ఏది పోయినను ఏది నిలువవలెనో ముందే కూర్చుండి వ్రాసికొనిరి. పిల్లవాని పాఠమా, పెద్దల ఉత్తరమా, లేక ఎవరును పిలువని ముద్రణసంస్థవారి దూతయా? మన యింటి యంత్రమున ఆ వరుసను వ్రాయవలసినవారు మనమే. మనము వ్రాయనిచో సరకు అమ్మినవారు తమకు అనుకూలమైన వరుసను వ్రాసికొందురు, వ్రాసికొనుచునే యున్నారు.